నో డ్యూస్ కాగితం

పీహెచ్‌డీ చేసినవాళ్లను అందరూ వైవా గురించే అడుగుతారు. ఎవరొచ్చారు, ఏమడిగారు, చెమటలు పట్టాయా అని. నో డ్యూస్ కాగితం గురించి మాత్రం ఒక్కరూ అడగరు. నాకు వైవాలో అడిగిన ప్రశ్నలు రెండో మూడో తప్ప గుర్తులేవు. నో డ్యూస్ కోసం తిరిగిన రోజు మాత్రం ఆ పొద్దున తిన్న ఇడ్లీల లెక్కతో సహా గుర్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వందేళ్లు వచ్చిన సందర్భంగా మా పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఫొటోల వరద పారింది. స్నాతకోత్సవం గౌన్లు, బీచిలో గుంపులు, హాస్టల్ మెట్ల మీద తడిజుట్టుతో కూర్చున్న అమ్మాయిలు. నేను పంపడానికి నా దగ్గర ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా 2002 ఏప్రిల్‌లో తీసుకున్న ఆ నో డ్యూస్ కాగితం జిరాక్సు. పదకొండు సంతకాలు, తొమ్మిది ముద్రలు, ఒక మూల టీ మరక. అదే ఫొటో తీసి పంపాను. ఒకరిద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. మిగిలినవాళ్లకు అదేమిటో అర్థమయినట్టు లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను చేసింది ఓషనోగ్రఫీ, అంటే సముద్రశాస్త్రం. ఆరేళ్లలో నాకు తెలిసిన దారి ఒకటే: హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంటుకు, డిపార్ట్‌మెంటు నుంచి సముద్రానికి, సముద్రం నుంచి మళ్లీ డిపార్ట్‌మెంటుకు. క్యాంపస్‌లో మిగతాదంతా బస్సు కిటికీలోంచి చూసిన ఊరితో సమానం. థీసిస్ ఇవ్వాలంటే ఎవరికీ ఏమీ బాకీ లేనని పదకొండు చోట్ల రాయించుకుని రావాలని చెప్పి చేతిలో ఆ కాగితం పెట్టినప్పుడు, ఆ పదకొండింటిలో నాలుగు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు.

మొదటి సంతకం మా ల్యాబులోనే. అది సులువు అనుకున్నాను. మా అటెండరును అందరం బాబాయి అనేవాళ్లం. ఆయన పొడవాటి రిజిస్టరు తీసి, నా పేరున్న పేజీ తిప్పి, విరిగినవి చదవడం మొదలుపెట్టాడు. బ్యూరెట్లు నాలుగు. పిపెట్లు పదకొండు. కోనికల్ ఫ్లాస్కుల దగ్గరికి వచ్చేసరికి అంకె చెప్పకుండా నా వంక చూశాడు.

సముద్రపు నీటిలో ఉప్పెంతో తేల్చడానికి అప్పటికే యంత్రాలు వచ్చేశాయి. అయినా మా గైడ్ గారు చేత్తో చేయడం రానివాళ్లకు యంత్రం ముట్టుకునే అర్హత లేదనేవారు. పిపెట్‌తో సముద్రపు నీళ్లు తీసి ఫ్లాస్కులో పోసి, పొటాషియం క్రోమేట్ నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. పైన బ్యూరెట్‌లో సిల్వర్ నైట్రేట్. చుక్కలు పడుతున్నకొద్దీ లోపల తెల్లగా విరిగిన పాలలా కడుతుంది. ఎడమచేత్తో ఫ్లాస్కును తిప్పుతూనే ఉండాలి, కుడిచేయి కుళాయి మీంచి తీయకూడదు. ఎర్రటి చాయ వచ్చి మాయమవుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ మాయం. ఏ చుక్కకు అది ఇక పోకుండా నిలిచిపోతుందో అక్కడ ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే మొత్తం మళ్లీ మొదటికి. మన లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి గాజు గొట్టంలో సీలు వేసిన ప్రామాణిక సముద్రజలం ఉండేది. దాన్ని ‘కోపెన్‌హాగెన్ నీళ్లు’ అనేవాళ్లం. మూడు వీధుల అవతల బంగాళాఖాతం మొత్తం ఉండగా, బీరువాకు తాళం వేసి దాచుకునే ఉప్పునీళ్లు అవి. బాబాయికి అదంటే మహా ఒళ్లుమంట.

సిల్వర్ నైట్రేట్ చేతికంటితే ముందు ఏమీ కనిపించదు. వెలుతురు తగిలాక గోధుమరంగు, ఆపైన నలుపు. సబ్బుకు లొంగదు, చింతపండుకు లొంగదు. చర్మం తనంతట తాను ఊడిపోయేదాకా ఉండాల్సిందే. మెస్సులో అన్నం కలుపుతున్న వేళ్లను బట్టి మా డిపార్ట్‌మెంటు వాళ్లను పోల్చుకునేవారు. మా అమ్మ మొదటిసారి ఆ వేళ్లు చూసి, ఇదేం చదువే అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

“చేతులు చూపించమ్మా” అన్నాడు బాబాయి. చూపించాను. థీసిస్ టైపు చేయిస్తూ రెండు నెలలు ల్యాబు ముఖం చూడలేదు కాబట్టి శుభ్రంగా ఉన్నాయి. “మరకలు పోయాయి. ఇక నువ్వు మా మనిషివి కావు, సంతకం పెట్టొచ్చు” అన్నాడు. విరిగిన గాజుసామాను ఖరీదు కట్టించుకున్నాకే పెట్టాడనుకోండి.

ఆ ల్యాబు గురించి కొంచెం చెప్పాలి. 1950ల మొదట్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త విశాఖపట్నంలోని మా వాల్తేరుకు వచ్చి, ఇక్కడి విద్యార్థులను వెంటబెట్టుకుని బంగాళాఖాతాన్ని కొలిచారు. నౌకాదళం ఓడలు ఇచ్చింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరం పక్కన అడుగునున్న చల్లటి నీళ్లు పైకి ఉబికి వస్తాయని అప్పటి కొలతల్లో బయటపడింది. తీరం వెంట ప్రవాహం ఆ నెలల్లో ఉత్తరానికి నడుస్తుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి దిశ మార్చుకుని దక్షిణానికి తిరుగుతుంది. తిరుగుతూ గంగా బ్రహ్మపుత్రల నీళ్లను, మహానది నీళ్లను మోసుకొస్తుంది. వేసవిలో వెయ్యికి 34 పాళ్ల దగ్గరుండే లవణీయత, అంటే నీటిలోని ఉప్పు, అప్పుడు 30 కన్నా బాగా దిగిపోతుంది. ఆరేళ్లలో నేను రాసిందంతా ఈ నాలుగు వాక్యాల పక్కన వేసిన చిన్న ఫుట్‌నోటు. తెల్లవారుజామున నాలుగింటికి పడవ ఎక్కడం, సీసా తాడు చేతులు కోయడం, కక్కుకోవడం, మళ్లీ సీసా దించడం, ఇవన్నీ ఆ ఫుట్‌నోటులో కనబడవు.

తర్వాతి రెండు సంతకాలు నవ్వులాట. వ్యాయామ విభాగంలో నా పేరు మీద ఏమీ లేదని చూడటానికి అరగంట వెతికారు. ఏమీ లేకపోవడాన్ని రుజువు చేయడం కష్టమని అక్కడ తెలిసింది. బంతి అయినా ఒకటి తీసుకుని ఉంటే పని తొందరగా అయ్యేదేమో. హెల్త్ సెంటరులో మాత్రం నన్ను గుర్తుపట్టారు. రెండేళ్ల ముందు జెల్లీ చేప కుట్టి చేయి మోచేతిదాకా వాచి వెళ్లాను. “ఇప్పుడెలా ఉంది?” అని అడిగి మరీ సంతకం పెట్టారు.

సైన్సు కాలేజీ దారిలో నడుస్తుంటే గోడ మీద జయపురం విక్రమదేవ వర్మ గారి పేరు కనబడింది. ఆరేళ్లూ కనబడే ఉంటుంది, చదివింది ఆ రోజే. జయపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1936లో ఒడిశా విడిపోయేదాకా అది విశాఖపట్నం జిల్లాలోని ఏజెన్సీ జమీందారీ. ఆ మహారాజు కవి, పండితుడు. విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేశారు. 1930ల నాటి లక్ష. మాకు ఒక బ్యూరెట్ కొనడానికి మూడు కొటేషన్లు కావాలి! ఆ డబ్బుతో పెరిగిన సైన్సు కాలేజీలోనే భగవంతం గారు భౌతికశాస్త్రం, టి.ఆర్.శేషాద్రి గారు రసాయనశాస్త్రం చెప్పారు. ఆ ఆవరణలోనే సి.ఆర్.రావు గారు 1940లో గణితంలో ఎం.ఏ. చేశారు. నా మూడో అధ్యాయంలో లెక్కల తప్పొప్పులు తేల్చడానికి వాడుకున్న సూత్రాల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది. అది వాడేటప్పుడు కేంబ్రిడ్జి నుంచి వచ్చిందనుకున్నాను తప్ప, పక్క కాలేజీలో చదువుకున్నాయన అని నాకు స్ఫురించలేదు.

న్యూక్లియర్ ఫిజిక్స్ భవనం దగ్గర చెట్టు కింద కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. అక్కడ నాకు సంతకం అవసరం లేదు, నీడ బాగుందని ఆగాను. ఆ చెట్టు ఇప్పుడు ఉందో లేదో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక క్యాంపస్‌లో ఎన్నో పెద్ద చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ ప్రయోగశాలకు స్వామి జ్ఞానానంద పేరు పెట్టారు. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఇల్లు వదిలి హిమాలయాలకు వెళ్లి సన్యాసి అయ్యారు. యోగం గురించి చెప్పడానికి ఐరోపా వెళ్లి, అక్కడ భౌతికశాస్త్రం మాయలో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి, తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి వాల్తేరులో అణుభౌతిక విభాగానికి పునాది వేశారు. సంసారం వదిలినాయన పరమాణువును వదల్లేకపోయారు. కాషాయం కట్టుకుని, రేడియోధార్మికతను కొలిచే గీగర్ కౌంటర్ ముందు కూర్చున్న మనిషిని ఊహించుకుంటూ పులిహోరలో వేరుశనగలు ఏరుకు తిన్నాను.

పరిపాలన భవనంలో రెండు సంతకాలు: ఫెలోషిప్ సెక్షను ఒకటి, అకడమిక్ సెక్షను ఇంకొకటి. అక్కడ బెంచీ మీద నా పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు, మనవరాలి మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం వచ్చారట. అనంతపురం ఆయన. మాటల్లో, “ఇది మాకు రావలసిన యూనివర్సిటీ అమ్మా” అన్నారు చాలా మామూలుగా, రావలసిన బస్సు పక్క వీధిలోంచి వెళ్లిపోయిందన్నట్టు. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత చదివితే ఆ మాట వెనక పెద్ద తగాదానే ఉంది. 1926లో విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలో. శాశ్వతంగా ఎక్కడుండాలన్న దాని మీద ఊళ్లు ఊళ్లే పోట్లాడుకున్నాయి. చివరికి 1930లో వాల్తేరుకు వచ్చింది. రాయలసీమ వాళ్ల మనసులో అది ముల్లులా ఉండిపోయింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్న షరతు చేరడానికి కారణం ఇదే. చదువుల గుడి ఎక్కడ కట్టాలన్న తగువు రాష్ట్ర రాజకీయాల దాకా పాకింది. ఆ పెద్దాయన అరవై ఐదేళ్ల తర్వాత కూడా దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఆ బెంచీ ఎదురుగా గోడ మీద చిహ్నం ఉంది: ఉదయిస్తున్న సూర్యుడు, పద్మం, స్వస్తిక, రెండు పాములు, ‘తేజస్వి నావధీతమస్తు’. మనం చదివినది తేజోవంతం కావాలని. నిధికి పాములు కాపలా ఉంటాయి కదా, అందుకు కాబోలు అనుకున్నాను. ఆ పక్కనే వైస్ చాన్సలర్ల పేర్ల పలక. మొదటి పేరు కట్టమంచి రామలింగారెడ్డి. 1926లో వచ్చి, 1930లో జాతీయోద్యమాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అణచివేస్తున్న తీరుకు నిరసనగా రాజీనామా చేశారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ తర్వాత మళ్లీ కట్టమంచే, 1949 దాకా. కుర్చీ వదిలేసి వెళ్లిన మనిషి అదే కుర్చీలోకి తిరిగొచ్చి పదమూడేళ్లు కూర్చోవడం ఈ రోజుల్లో ఊహకు కూడా అందదు. రాధాకృష్ణన్ గారి కాలంలోనే, 1933లో, రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడికి వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు.

ఫెలోషిప్ సెక్షను గుమాస్తా గారు నా ఫైలు తీసి, “ఆరేళ్లు! సముద్రం ఏమైనా తగ్గిందా అమ్మా?” అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ వాడుకుంటూ ఉంటాను.

హాస్టల్ మెస్సులో లెక్క తెగడానికి గంట పట్టింది. మాది డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చంతా కూడి, తిన్న రోజుల లెక్కన పంచుతారు. మా సముద్రం వాళ్లు తెల్లవారకముందే వెళ్లి సాయంత్రానికి వచ్చేవాళ్లు కాబట్టి ప్రతి నెలా రోజుల దగ్గర పేచీ. ‘మెస్ కట్’, అంటే ఫలానా రోజు తిననని, ముందురోజు రాసివ్వాలి, గాలివాన మాకు ముందురోజు చెప్పి రాదు కదా. అమ్మాయిల హాస్టల్‌లో ఆ పేచీలు తీర్చడానికి నెలకో మెస్ సెక్రటరీని ఎన్నుకునేవాళ్లం. ఒక నెల నేనూ చేశాను. వంకాయ కూర వారానికి నాలుగుసార్లు పెట్టించానన్న అపవాదు మోశాను. అది నిజం కూడా. సీజనులో అంతకన్నా చవకైన కూర లేదు.

మెస్సు తాతను చివరిసారి పలకరించి వద్దామని వంటింట్లోకి వెళ్లాను. వాళ్ల నాన్న కూడా ఇక్కడే పనిచేశాడట. “యుద్ధమప్పుడు ఇవన్నీ మిలిటరీ వాళ్లు తీసుకున్నారమ్మా, కాలేజీ గుంటూరు వెళ్లిపోయింది. మా నాన్న గరిటెలు మూట కట్టుకుని వెళ్లాడు” అని చెప్పాడు. గరిటెల సంగతి తాతకే తెలియాలి. మిగిలినది పుస్తకాల్లో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో క్యాంపస్ సైన్యం చేతికి పోయింది, విశ్వవిద్యాలయం గుంటూరులో తలదాచుకుంది.

మూడున్నరకు లైబ్రరీ చేరాను. పదో సంతకం. అది 1949 నుంచి 1961 దాకా వైస్ చాన్సలర్‌గా చేసిన వి.ఎస్.కృష్ణ గారి పేరున్న లైబ్రరీ. కవి అబ్బూరి రామకృష్ణారావు గారు ఒకప్పుడు ఇక్కడి గ్రంథాలయాధికారి. పుస్తకాలు చూసుకుంటూనే విద్యార్థుల చేత నాటకాలు ఆడించారని మా తెలుగు డిపార్ట్‌మెంటు స్నేహితురాలు ప్రతి వార్షికోత్సవానికీ చెప్పేది. నేను తీసుకున్న పుస్తకాలన్నీ ఎప్పుడో ఇచ్చేశాను. ధీమాగా కాగితం చాచాను.

కౌంటరులో ఆయన నా కార్డు తీసి, కళ్లజోడు పైకి జరిపి, “ఒకటుందమ్మా” అన్నారు.

1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసిన సముద్రశాస్త్ర సంపుటం. లఫాండ్ కాలం నాటి కొలతలున్నది. నేను ఆ పుస్తకం లైబ్రరీ నుంచి తీసుకున్నట్టే గుర్తులేదు. కాసేపు ఆలోచిస్తే వెలిగింది. 1997లో మా సీనియర్ అన్నయ్య వెళ్లిపోతూ నన్ను ఇక్కడికి తీసుకొచ్చి, “ఇక్కడ సంతకం పెట్టు చెల్లీ” అంటే పెట్టాను. ఆయన నో డ్యూస్ రోజు అది. పుస్తకం ఎప్పుడూ ల్యాబులోనే ఉంది, ఓవెన్ పైన బల్ల మీద, గోధుమరంగు గుడ్డ అట్టతో. నేను దాన్ని ల్యాబు సామానే అనుకున్నాను.

ఎండలో పరుగెత్తాను. పుస్తకం మా జూనియర్ అమ్మాయి ఒళ్లో ఉంది. విషయం చెబితే రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“అక్కా, ఇది లైబ్రరీలోకి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తుందో. ఈ పట్టికలు లేకపోతే నా రెండో అధ్యాయమే లేదు.”

“మరి నా థీసిస్ సంగతి?”

ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. గైడ్ గారు తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. “ఇద్దరూ వెళ్లండి, నాలుగున్నరకు కౌంటర్ మూసేస్తారు” అని మాత్రం అన్నారు. ఆయన కూడా ఒకప్పుడు ఇదే పని చేసి ఉంటారని ఆ గొంతులోనే తెలిసింది.

కౌంటరులో ఆయన పుస్తకం వెనక అట్ట తెరిచారు. తేదీల చీటీ మీద ఇంకో చీటీ, దాని మీద మరొకటి అంటించి ఉన్నాయి. మామూలు పుస్తకాలకు పదిహేను రోజులకో ముద్ర ఉంటుంది. దీనికి నాలుగేళ్లకొకటి, అయిదేళ్లకొకటి. అన్నీ మార్చి, ఏప్రిల్, మే నెలలవే.

“పాతికేళ్లుగా ఈ కౌంటరులో ఉన్నాను. ఈ పుస్తకం ర్యాకులో ఉండగా నేను చూడలేదు” అన్నారాయన. కోప్పడతారనుకున్నాం. ఆయన నా కార్డులో గీత కొట్టి, నా కాగితం మీద సంతకం పెట్టి, ఆరకముందే ముద్ర వేశారు. తర్వాత రిజిస్టరును అటు తిప్పారు. “అమ్మాయ్, నీ కార్డు ఇయ్యి. పేరు, డిపార్ట్‌మెంటు, తేదీ.”

జూనియర్ కలం అందుకుంది. చూపుడువేలూ బొటనవేలూ గోళ్లదాకా నల్లగా ఉన్నాయి.